ఫాతిమా ఎర్రజొన్న

ఫాతిమా సంచి సర్దుకుంటోంది. ఆ సంచి ఆమెది కాదు, రహమత్బీది. కడప నుంచి బొంబాయి మీదుగా సౌదీలోని జిజానుకు వచ్చిన రోజున రహమత్బీ చంకలో ఉన్నది అదే, అడుగున అట్ట పెట్టి కుట్టిన నల్ల రెక్సిన్ సంచి. "నాకిప్పుడు దీంతో ఏం పని, నేను యాడికి పోవాల?" అంటూ తెచ్చి ఇచ్చేసింది. ఇచ్చాక మనసులో ఏదో కీడు తోచింది గానీ, ఇచ్చిన వస్తువును వెనక్కి అడగలేక ఊరుకుంది.

అది 1990 అక్టోబరు. ఇరాక్ కువైట్‌లోకి దిగి రెండు నెలలు దాటింది. యెమెన్ ప్రభుత్వం ఇరాక్‌ను గట్టిగా తప్పుపట్టలేదని సౌదీ వాళ్ళకు కోపం వచ్చింది. అప్పటిదాకా యెమనీలు కఫీలు లేకుండానే సౌదీలో బతికేవాళ్ళు. ఇకమీదట పూచీపడే కఫీలు ఉంటేనే ఉండాలి, లేదంటే గడువులోగా దేశం విడిచి పోవాలి అన్నారు. ఫాతిమా మొగుడు సాలెం కూడా యెమనీయే, షేక్ యహ్యా పొలంలో పాలికి చేసేవాడు. సాలెంను తన పేరు మీద రాయించుకుందామని షేక్ యహ్యా రెండుసార్లు ఆఫీసుకు తిరిగాడు. జనం బారులు తీరి ఉన్నారు, పని కాలేదు. మేకల్ని వచ్చిన ధరకు అమ్మేసి సాలెం లారీ మాట్లాడుకున్నాడు.

రహమత్బీ, ఆమె భర్త అబ్దుల్ ఘనీ, అదే షేకు దగ్గర పనిచేస్తున్నారు. అతను డ్రైవరు, పంపు మెకానిక్కు కూడా. ఆమెకు షేకు ఇంట్లో వంట. పంపు షెడ్డు పక్కన రేకుల కప్పు వేసిన సిమెంటు గది వాళ్ళది. అక్కడి నుంచి పిలిస్తే పలికేంత దూరంలో ఫాతిమా గుడిసె. ఫాతిమాకు పిల్లల్లేరు. రహమత్బీ ఒక్కగానొక్క కూతురు కడపలో అక్క దగ్గర పెరుగుతోంది. ఆడవాళ్ళిద్దరూ దగ్గర కావడానికి ఆ లోటే చాలింది. రహమత్బీకి వచ్చింది వంటింటి అరబ్బీ. ఫాతిమా దానికి తగ్గట్టు నిమ్మళంగా, చేతులు తిప్పుతూ మాట్లాడేది.

గుడిసె గుండ్రంగా, గడ్డి కప్పుతో ఉంటుంది. మధ్యలో పొయ్యి. పొయ్యికి నేరుగా పైన, వాసాలకు కట్టిన తాడు మీద జొన్నకంకులు తలకిందులుగా వేలాడుతున్నాయి. అవి విత్తనానికని ఏరిపెట్టిన కంకులు. పైకి పొగచూరి నల్లగా ఉన్నా, వేలితో నలిపితే లోపలి గింజ కాల్చిన ఇటుక రంగులో మెరిసేది.

ఫాతిమా ఒక కంకి తెంపి, గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టింది. జిప్పు లాగబోయి ఆగింది. కంకిని బయటికి తీసి మళ్ళీ తాడుకు కట్టేసింది.

"ఒక్కటన్నా తీసుకుపో," అంది రహమత్బీ.

"తీసుకుపోతే ఇక రానని నేనే చెప్పినట్టు అవుతుంది. ఇది ఈ వాగు నేలలో మొలవాల్సిన గింజ. ఇక్కడే ఉండనీ."

"ఎన్నాళ్ళకు వస్తావు?"

"వచ్చే వరదకు వస్తాం. నేను రాకపోతే నువ్వే చల్లు. ఒక్క మాట గుర్తుపెట్టుకో, ఉఖ్తీ." అక్కచెల్లెలిని అక్కడ అలా పిలుస్తారు. "పొగ ఆపకు. వండటానికి ఏమీ లేకపోయినా రోజూ పొయ్యి రాజెయ్యి. మా అమ్మ అలాగే చేసింది, వాళ్ళమ్మా అలాగే చేసింది."

లారీ దగ్గరికి షేక్ యహ్యా కర్ర పట్టుకుని వచ్చాడు. ముసలివాడు, మాట తప్పని మనిషి. సాలెం భుజం మీద చెయ్యి వేసి, "వాగు కింది పొలం చెక్క మీ ఇద్దరిదే," అన్నాడు. "వరద వచ్చాక అందులో ఫాతిమా జొన్న మొలిస్తే ఇంకెవరికీ ఇవ్వను. బీడు పడితే మాత్రం నా చేతుల్లో లేదు. పుచ్చకాయల కాంట్రాక్టరు అప్పుడే నా గుమ్మం చుట్టూ తిరుగుతున్నాడు."

ఆ చెక్కకు పంపునీళ్ళు ఎక్కవు. ఏడాదికొకసారి వాగు పొంగి తడిపిన తడే దానికి ఆధారం. ఆ ఒక్క తడితో కంకి దాకా నిలిచేది ఫాతిమా ఎర్రజొన్న మాత్రమే. సంతలో దొరికే తెల్లజొన్న మోకాలెత్తు పెరిగి ఎండిపోతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు.

లారీ కదిలాక నల్ల సంచి ఫాతిమా ఒళ్ళో చాలా దూరం దాకా కనబడింది.

ఆ రోజు నుంచి రహమత్బీకి ఇంకో పని పెరిగింది. షేకు ఇంట్లో వంట ముగించి, తుమ్మకట్టెలు చంకన పెట్టుకుని ఖాళీ గుడిసెకు వెళ్ళి పొయ్యి వెలిగించేది. పొయ్యి మీద కుండ ఉండదు, ఎసరు ఉండదు. కట్టెలు కాలి, పొగ కంకుల చుట్టూ తిరిగి గడ్డికప్పులోంచి సన్నగా బయటికి పోయేదాకా మోకాళ్ళు కావలించుకుని కూచునేది. మనుషుల్లేని ఇంట్లో మంట చూస్తుంటే దిగులు వేసేది. అయినా ఒక్కనాడూ మానలేదు.

"ఏం మే, ఏం వండినావు ఈ పొద్దు?" అని ఘనీ ఎగతాళి చేసేవాడు.

"పొగ వండినా. తింటావా?"

"ఇంత పెట్టు మరి. షేకు పెట్టే ఖుబ్జ్ రొట్టెలకంటే మేలే అనుకుంటా."

జనవరిలో యుద్ధం మొదలైంది. క్షిపణులు పడుతున్నది రియాదులో, తూర్పు తీరంలో. జిజాను దేశానికి ఇటు కొసన, ఎర్రసముద్రం ఒడ్డున ఉంది. ఇక్కడ ఒక్క బాంబూ పడలేదు. అయినా రేడియో వింటూ ప్రతివాళ్ళూ ఆకాశం వైపు చూస్తూనే ఉన్నారు. రహమత్బీకి అసలే గుబులెక్కువ. తలుపు గాలికి కొట్టుకున్నా లేచి కూచునే మనిషి.

ఒక సాయంత్రం కట్టెలు ఎత్తుకుని బయల్దేరుతుంటే ఘనీ నవ్వుతూ అన్నాడు: "పోతాండావా? పో పో. పైన ఇమానమోడు చూస్తాంటాడు, ఈడ ఒక పొయ్యి మండతాండాది, ఇది ఏందో పెద్ద కారఖానా అని ఒకటి ఇడుస్తాడు."

అతను ఊరికే అన్నాడు. ఆమె అక్కడే కట్టెలు దించేసింది. ఆ రోజు వెళ్ళలేదు, మర్నాడూ వెళ్ళలేదు. ఆ వారమంతా తెల్లవారుజామున సముద్రం మీది నుంచి మంచు దట్టంగా కమ్ముకొచ్చింది. గుడిసె గడ్డి మెత్తబడింది. పొగ లేని కంకులు ఆ చెమ్మను రోజూ కొంచెం కొంచెం తాగాయి.

ఆ వారం చివర్లోనే రియాదు నుంచి వచ్చిన ఒక డ్రైవరు క్యాసెట్టు తెచ్చి ఇచ్చాడు. రహమత్బీ చెల్లెలు మాబున్నీ రియాదులో మలాజ్ అనే పేటలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. అక్కచెల్లెళ్ళిద్దరికీ రాయడం రాదు. చెప్పాల్సిందంతా టేపు రికార్డరులో మాట్లాడి, ఆ దారిన వచ్చేవాళ్ళ చేత పంపుకుంటారు. ఘనీ క్యాసెట్టు పెట్టి బటన్ నొక్కాడు. ముందు ఏడుపు వినిపించింది, తర్వాత మాట.

"అకా, నేను బాగుండాను. నువ్వు ఏడవొద్దు. ఈడ సైరను కొడితే అందరం ఒకే రూములోకి పోతాండాము. కిటికీలకు ప్లాస్టిక్కు కట్టి టేపేసినారు. తలుపు సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కినారు. విషగాలి వస్తే తడిగుడ్డ పీల్చుకుంటాదంట. బియ్యం, పప్పు, అన్నీ డబ్బాల్లో పోసి టేపేసి పెట్టినారు అకా. గాలి తగిల్న గింజ తింటే మనిషి బతకడంట. నువ్వూ అట్లనే చెయ్. బావ నవ్వుతాడు, వాని మాట ఇనొద్దు."

"నేనెందుకు నవ్వుతా?" అన్నాడు ఘనీ. నిజంగానే నవ్వలేదు.

రహమత్బీ అప్పటికే లేచింది. ఆమె కళ్ళ ముందు ఉన్నది బియ్యమూ కాదు, పప్పూ కాదు. గాలి ఇటు నుంచి అటు దూరిపోయే గడ్డిగుడిసెలో వేలాడుతున్న కంకులు. వాటికి విషం తగిలితే, ఫాతిమా వచ్చి చల్లుకుంటే, పండింది తింటే?

ఇద్దరూ కలిసి కంకులన్నీ దించి తెచ్చారు. గదిలో దుప్పటి పరిచి, చేతులతో నలిచి గింజ రాల్చారు. గింజ వేళ్ళకు చల్లగా, కాస్త బరువుగా తగిలింది. ఎండబెడదామని ఆమెకు తోచింది. కానీ బయట పరిస్తే ఆ గాలే కదా అని భయపడింది. ఆలివ్ కాయలు వచ్చిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కడిగి తుడిచి, గింజ అందులో పోసి, మూత బిగించి, చుట్టూ టేపు వేసింది. ఒక చుట్టు చాలదని ఇంకో చుట్టు, దాని మీద ఇంకోటి. డ్రమ్ముకు తడి గోనెపట్టా కప్పింది. కిటికీకి ప్లాస్టిక్, తలుపు కింద తడి తువ్వాళ్ళు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఆమెకు నిద్ర పట్టింది.

ఫిబ్రవరి ఆఖరుకు యుద్ధం ముగిసింది. కిటికీ ప్లాస్టిక్ తీసేశారు. డ్రమ్ము మాత్రం తియ్యలేదు, గుడిసెలో పొయ్యీ మళ్ళీ రాజెయ్యలేదు. కువైట్‌లో నూనెబావులు తగలబడుతున్నాయని, అక్కడ నల్లవాన కురుస్తోందని రేడియోలో చెబుతూనే ఉన్నారు.

"మూత తీసి చూద్దామా ఒగసారి?" అని ఆమె అడిగితే, "ఎందుకు మే? పురుగు పోదు, ఎలక పోదు. వరద వచ్చేదాకా గమ్మునుండు," అన్నాడు ఘనీ.

ఆ మాట ఆమెకూ నచ్చింది. డ్రమ్మును రోజూ తడిగుడ్డతో తుడిచేది. వేసవి ముదిరేకొద్దీ రేకుల గది ఉడికిపోయింది. ఒక పొద్దున దాని మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. గది ఇంకా చల్లగానే ఉంది, డ్రమ్ము వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన బిడ్డ ఒళ్ళులా కాదు, పాలు తాగి పడుకున్న బిడ్డ ఒళ్ళులా అనిపించింది ఆమెకు. "చూడయ్యా, లోపల జీవముండాది," అని భర్త చెయ్యి లాగి డ్రమ్ము మీద పెట్టింది. కడపలో కూతురు పుట్టినప్పుడు ఎంత సంబరపడిందో అంత సంబరం ఆమె ముఖంలో కనబడింది.

ఆగస్టులో వాగు పొంగింది. ఎర్రనీళ్ళు చెక్కంతా నిండి, ఇంకి, మెత్తటి ఒండ్రు మిగిల్చాయి. ఫాతిమా రాలేదు, కబురూ రాలేదు. దారులు సరిగా లేవేమో, కాగితాలు తేలలేదేమో అనుకుని రహమత్బీ కత్తితో టేపు కోసింది.

మూత లేవగానే తడిసిన తోలు ముక్కిపోయినట్టు పుల్లటి వాసన ముఖాన కొట్టింది. గింజలు గడ్డలు గడ్డలుగా అతుక్కున్నాయి. చెయ్యి పెడితే బూడిదరంగు దుమ్ము లేచింది. ఒక్కో గింజకు ముక్కు దగ్గర ఆకుపచ్చ బూజు. మూత లోపలివైపు నీటిబొట్లు ఇంకా మెరుస్తున్నాయి.

"యా అల్లా," అంటూ ఆమె ఆ గడ్డల్ని రెండు చేతులా బయటికి తోడింది.

ఎండబెట్టింది. చెరిగింది. పొయ్యి రాజేసి పొగ పట్టించింది. గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటగట్టి, మట్టిపాత్ర బోర్లించి దాని కింద పెట్టింది. మూడో రోజు మూట విప్పితే గుడ్డకు జిగురు అంటుకుంది. అక్కడక్కడా ఒక మొలక తెల్లగా వచ్చి, మెడ దగ్గర గోధుమరంగు తిరిగి వాలిపోయింది. మిగతా గింజల్ని నొక్కితే మెత్తగా చితికాయి.

"చెక్కలో తడి ఆరకముందే షేకుకు చెబుదామా?" అన్నాడు ఘనీ మెల్లగా.

"ఏమని చెప్తావు? ఫాతిమా నమ్మి ఇచ్చిపోయిన దాన్ని కుళ్ళబెట్టినామని చెప్తావా? యాడన్నా మందుంటాది దీనికి. పోయి అడుగు."

దగ్గర్లోని వ్యవసాయ కేంద్రంలో హబీబ్ అని ఒక హైదరాబాదు టెక్నీషియన్ ఉన్నాడు. విత్తనాల గదిలో పని. ఘనీ, రహమత్బీ గింజల మూటతో వెళ్ళారు. ఘనీ తనకొచ్చిన ఉర్దూలో మొదలుపెట్టేసరికి హబీబ్ చేతులెత్తాడు.

"భాయ్, నీ ఉర్దూ కన్నా నా తెలుగే నయమున్నది. తెలుగులనే చెప్పు."

చెప్పారు. రహమత్బీయే ఎక్కువ చెప్పింది, పొగ దగ్గర మొదలుపెట్టి టేపు దాకా. హబీబ్ ఒక గింజను బ్లేడుతో నిలువుగా కోసి భూతద్దం కింద పెట్టాడు. "చూడు ఆపా," అన్నాడు. ఆమె వంగి చూసింది. తెల్లగా ఉండాల్సిన మొలకభాగం కాలిపోయిన పాలమీగడలా ఉంది.

"గింజ చచ్చినట్టు కనిపిస్తది గానీ ఊపిరి తీస్తనే ఉంటది. ఊపిరి తీస్తే చెమట పడ్తది. పొడిగున్న గింజకు తక్కువ, చెమ్మగున్న గింజకు ఎక్కువ. మూత బిగిస్తే ఆ చెమట యాడికి పోవాలె? మళ్ళ గింజల మీదనే పడ్తది."

"బూజు ఎట్ల పోయింది లోపలికి? చీమ దూరకుండా టేపేసినా కదా?"

"బయటికెళ్ళి రాలే ఆపా. అది పొట్టు మీద ముందే ఉంటది, కంటికి అవుపడదు. ఇన్నేండ్లు పొగ, పొడి దాన్ని పండబెట్టినయి. చెమ్మ, ఉక్క దొరికినంక లేచి కూసున్నది. దానికి మొదట కావలసింది మొలకనే. మెత్తగుంటది, నూనె ఉంటది."

"మా చెల్లెలు రియాదులో ఇట్లనే పెట్టింది. వాళ్ళ గింజలు బాగుండాయని మొన్నటి క్యాసెట్టులో చెప్పింది."

హబీబ్ భూతద్దం పక్కకు జరిపాడు. "రియాదు గాలిల నీళ్ళు ఉండయి ఆపా. ఆడ ఏ గింజయినా గలగలమంటది, డబ్బాల పోసినా ఏం గాదు. ఇది సముద్రం గాలి. ఇక్కడ ముందు ఎండబెట్టాలె, తర్వాతనే మూత. నీ చెల్లె చెప్పింది ఆడికి తప్పు గాదు."

రహమత్బీ మూట ముడివేస్తూ అడగలేక అడిగింది: "డ్రమ్ము వెచ్చగా ఉన్నింది. పొద్దున్నే చెయ్యేస్తే వెచ్చగా తగిలేది. జీవముంటేనే కదా వేడి?"

"జీవమే," అన్నాడు హబీబ్, ఆమె ముఖం చూడకుండా. "గింజది కాదు ఆపా, బూజుది. అది బాగా తిని పెరుగుతున్నప్పుడు వేడి పుడ్తది."

ఆమె మూట తీసుకుని లేచింది. జీపులో కూచున్నాక ఘనీ, "ఇమానం అని ఊరికే అంటి మే. నువ్వు నిజమనుకుంటావని నాకేం తెలుసు," అన్నాడు. ఆమె మూట ఒళ్ళో పెట్టుకుని, మూట మీద రెండు చేతులూ పెట్టి, వాగు వచ్చేదాకా బయటికే చూసింది.

హబీబ్ చెప్పినట్టు గింజలన్నీ కుప్పపోసి, ముక్కు నల్లబడనివి ఏరింది. కళ్ళు మంటలెత్తేదాకా ఏరితే డ్రమ్మెడు గింజల్లో చాటెడు మిగిలాయి. చెక్క మధ్యలో వాటిని నాటారు. కొన్ని లేచాయి. పసుపుపచ్చగా, ఒంటి ఆకుతో, బలం లేకుండా లేచి, మెడలు విరిచినట్టు ఒక్కొక్కటే ఒరిగిపోయాయి. నేల మీద తడి తగ్గుతోంది. షేక్ యహ్యా కర్రతో వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"ఇది ఫాతిమా జొన్నేనా?"

"దాంట్లో మిగిలిందే, బాబా," అంది రహమత్బీ. తల ఎత్తలేదు.

"మాట ఇచ్చాను కాబట్టి ఇన్నాళ్ళు ఆపాను, బిడ్డా," అన్నాడు ముసలాయన. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. పదిరోజుల్లో కాంట్రాక్టరు ట్రాక్టరు దిగింది. కొత్త బోరు దింపి, గొట్టాలు వేసి కింది నుంచి నీళ్ళు తోడారు. చలికాలానికి చెక్కంతా పుచ్చతీగ పాకింది.

దున్నబోయే ముందు రహమత్బీ చేతులతో తవ్వి, బతికున్న నాలుగైదు మొక్కల్ని మట్టితో సహా పెకలించి తెచ్చి, తన వంటగది తూము పక్కన నాటుకుంది. గిన్నెలు కడిగిన నీళ్ళతో రెండు మొక్కలు నిలిచాయి. పిట్టలు రాకుండా పాత చున్నీ చింపి కంకులకు గుడ్డ కట్టింది. పండాక వాటిని ఫాతిమా గుడిసెలో, అదే తాడుకు, అదే పొయ్యి మీద వేలాడదీసింది. రోజూ పొగ పెట్టింది. ఈసారి ఘనీయే కట్టెలు మోసుకొచ్చేవాడు. మరుసటేడు ఆ రెండు కంకుల గింజే తూము పొడవునా ఒక వరుస అయింది. వచ్చేపోయే లారీవాళ్ళందరికీ, సాలెం అనే మనిషి కనిపిస్తే విత్తనం ఉందని చెప్పమని ఆమె చెబుతూనే ఉంది. చెక్క లేదని మాత్రం చెప్పేది కాదు.

1993 ఏప్రిల్లో, మధ్యాహ్నం వంట దించి గుడిసె దగ్గరికి వచ్చేసరికి పుచ్చచేను గట్టు మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది. చంకలో నల్ల రెక్సిన్ సంచి చూశాక గాని ఆమె సాలెంను గుర్తుపట్టలేదు. వేరే ఊళ్ళో ఒక కఫీలు దగ్గర గొర్రెలు కాసే వీసా దొరికిందట. దారిలో దిగి వచ్చాడు.

అతని వెనక ఎవరూ లేరు. రహమత్బీ దారి చివరిదాకా చూసింది.

సాలెం గుడిసెలోకి వచ్చి, తల ఎత్తి తాడు వంక చూశాడు. పొగచూరిన ఎర్రకంకులు. అతను చెయ్యి చాచి ఒక కంకిని తాకాడు, తెంపలేదు.

"యెమెన్‌లో హొదైదా ఊరి బయట ఇసుకలో ఉన్నాం, గోనెల గుడారాల్లో," అన్నాడు. "మాకు పొలం లేదు, పని లేదు. నీళ్ళు కొనుక్కునేవాళ్ళం. ఫాతిమా జ్వరంలో కూడా ఒకటే అడిగేది. ఉఖ్తీ పొయ్యి వెలిగిస్తోందా, పొగ వస్తోందా అని. నాకేం తెలుసు? వస్తోంది అనేవాణ్ణి."

"వస్తానే ఉండాది," అంది రహమత్బీ తెలుగులో. తర్వాత అరబ్బీలో కూడా చెప్పింది.

సంచి ఆమె ముందు పెట్టి, ఆమె ఇచ్చిన రెండు కంకులు కండువాలో చుట్టుకుని, పొద్దు వాలకముందే అతను వెళ్ళిపోయాడు.

ఫాతిమా తిరిగి రాలేదు. 1991 జూన్‌లో హొదైదా బయట గుడారంలో జ్వరంతో చనిపోయింది. నీలం డ్రమ్ముకు అప్పటికింకా టేపు వేసే ఉంది.